బాలస్వామి సాక్ష్యం

బాలస్వామి ఉల్లిగడ్డ తల మీద బొటనవేలు పెట్టి నొక్కాడు. పైపొర ఎర్రగా, పొడిగా, చూడముచ్చటగా ఉంది. వేలు మాత్రం కణుపు దాకా లోపలికి దిగబడిపోయింది. చీములాంటి తెల్లటి రసం గోటి సందులోకి కారింది. గడ్డను పక్క తట్టలోకి విసిరేసి, వేలిని గోనెపట్టాకు తుడుచుకుని, ఇంకోదాన్ని అందుకున్నాడు.

కర్నూలు మార్కెట్ యార్డులో గంగాధరం శెట్టి మండీ ముందు పోసిన రాశి అది. కోతకొచ్చిన పంట మీద వాన పడింది. రైతు ఆరబెట్టే తావు లేక తడితోనే సంచులకెత్తాడు. సంచిలో మగ్గిన తడి ఉల్లి వాసన ముక్కుతో ఆగదు. నాలుక మీదికొచ్చి కూర్చుంటుంది, మంచినీళ్లు తాగినా దాని రుచే తగులుతుంది. రాశి అడుగునుంచి గోధుమరంగు నీళ్లు సన్నగా కారి, లారీ చక్రాల గుంటలో నిలబడి, ఈగలతో నల్లగా కనిపిస్తున్నాయి.

బాలస్వామిది అసలు కాటా పని. రైతు తెచ్చిన సంచిని చూసి, తూచి, ఇంత మంచిది, ఇంత తరుగు అని చెప్పడం. తరుగు అంటే సంచి బరువు, మట్టి, కుళ్లు పోగా సరుకులోంచి తీసేసే వంతు. ఇటు శెట్టికీ అటు రైతుకూ ఇద్దరికీ పనికొచ్చే మాట చెప్పాలి కాబట్టి ఆ పనిలో నమ్మకం ఉన్నవాడు తప్ప నిలవడు. బాలస్వామి ఇరవై ఏళ్లు నిలిచాడు. కాటాకు సరుకు రాని పూట ఏరే ఆడవాళ్లతో కూర్చుని తనూ ఏరతాడు. ఈరోజు ఆ మండీలో అతనికి ఆఖరి రోజు. అయినా వచ్చి కూర్చున్నాడు.

"పొద్దు గూకితే బస్సు, తెల్లారితే ఇమానం. ఇంగా ఈ కుళ్లులో చెయ్యి పెడతాండావేమప్పా?" ఎదురుగా కూర్చుని ఏరుతున్న హంపమ్మ అంది. "ఆ దేశపోళ్లు నీ చెయ్యి వాసన చూసి ఎనక్కు పంపిస్తారు పో."

"పంపితే మల్లా నీ పక్కకే వచ్చి కూచుంటాలే."

"వద్దు సామీ! పోయేటోడివి పో. ఆడ ఎర్రగడ్డలు ఉంటాయా?" చేతిలోని ఉల్లిగడ్డ ఎత్తి చూపిస్తూ అడిగింది హంపమ్మ.

"ఎర్రగడ్డ లేని దేశం యాడుందక్కా."

"అట్లయితే కుళ్లు కూడా ఉంటాదిలే" అని హంపమ్మ నవ్వి, చేతిలోదాన్ని తట్టలోకి విసిరింది.

బాలస్వామి నవ్వలేదు. ఇవాళ మధ్యాహ్నం ఓర్వకల్లు రాళ్లగుట్టల దగ్గర మిషనువాళ్ల కెమెరా ముందు, దేవుడు తన బతుకును ఎలా మార్చాడో సాక్ష్యం చెప్పాలి. సాక్ష్యం చెప్తేనే ప్రయాణం. చెప్పకపోతే అతని చోటికి ఇంకొకాయన సిద్ధంగా ఉన్నాడు.

పోయేది ఆఫ్రికాలోని మలావి దేశానికి. అక్కడ ఒక పెద్ద చెరువు, సముద్రమంత ఉంటుందట. దాని ఒడ్డున ఒక పల్లె, పల్లెలో చర్చి, చర్చికి ఆనుకుని బడి. బడిలో పిల్లలకు లెక్కలు చెప్పాలి, ఆదివారం వాక్యం చెప్పాలి. భార్య ఓబులమ్మకు పిల్లల వంటశాలలో పని. ఆ బడి ఫోటో ఒకటి బాలస్వామి ఫోన్లో ఉంది. మట్టిగోడ మీద నల్లబల్ల. దాని ముందు ఎవరూ లేరు. ఆ ఖాళీ జాగాను అతను వేళ్లతో పెద్దది చేసి ఎన్నిసార్లు చూశాడో ఓబులమ్మకు తెలుసు.

అతను చదివింది ఉపాధ్యాయ శిక్షణ. టీచరు పోస్టుల పరీక్ష ఒకసారి రాశాడు, అందలేదు. రెండోసారి కొంచెంలో పోయింది. మూడోసారి పరీక్ష ఎప్పుడు పెడతారో అని ఎదురుచూస్తూ, అంతదాకా అని కాటా దగ్గర నిలబడ్డాడు. ఆ అంతదాకాలోనే తల నెరిసింది, వయసు గడువు దాటింది. సాయంత్రాలు చర్చి హాల్లో హమాలీల పిల్లలకు ఎక్కాలు, భిన్నాలు చెప్పేవాడు. వాళ్లు సార్ అని పిలిచేవాళ్లు. పొద్దున మండీకొస్తే మళ్లీ ఏమప్పా కాటా. ఒక మనిషికి వచ్చిన విద్య ఇరవై ఏళ్లు గోడౌన్లో పడి ఉంటే ఏమవుతుందో ఉల్లి వ్యాపారం చేసేవాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఈ మలావి అనేది గోడౌను తలుపు తెరిచిన ఒకే ఒక్క బేరం.

అయితే బేరంలో మెలిక ఉంది.

మిషను తరఫున జయరాజు అయ్యగారు వచ్చిన మొదటిసారే సాక్ష్యం అడిగాడు. బాలస్వామి లేచి నిలబడి ఉన్నది చెప్పాడు. మా నాయన పెద్ద ఈరన్న, ఇదే మండీలో హమాలీ. నన్ను మిషను హాస్టల్లో వేశాడు. ఆడ తిండి పెట్టినారు, చదువు చెప్పినారు. పాటలు బాగుండేవి. దేవుడు మంచివాడని మెల్లమెల్లగా తెలిసింది. పెద్దయినాక బాప్తిస్మం తీసుకున్నా. నాకు లెక్కలు చెప్పడం వచ్చు.

జయరాజు ఆవులింత ఆపుకున్నాడు. "బ్రదర్, ఇది సాక్ష్యం కాదు, బయోడేటా. ఊబి ఉండాలి. ఊబిలోంచి లాగిన చెయ్యి ఉండాలి. దాతల కళ్లు తడవకపోతే మీ టిక్కెట్టు ఎక్కడినుంచి వస్తుంది?"

చర్చిలో సాక్ష్యం చెప్పేటప్పుడు నా పాత జీవితం అని మొదలుపెట్టడం ఆనవాయితీ. నిజంగా ఊబిలోంచి లేచి వచ్చినవాళ్లు చెప్తుంటే బాలస్వామికీ కళ్లు తడిసేవి. తనకు మాత్రం చెప్పుకోదగ్గ పాత జీవితం లేదు. ఉన్నదంతా ఒక్కటే జీవితం, మొదటినుంచీ ఉల్లి వాసనతో.

కుటుంబం ఫోటోలు అడిగితే బాలస్వామి వాళ్ల నాయనది ఒకటి ఇచ్చాడు. ఈరన్నకు ఉన్నది అదొక్కటే ఫోటో. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం పేపరు విలేకరి ఎవరో తీసింది. ఈరన్న సంచుల మీద వెల్లకిలా పడి నిద్రపోతున్నాడు. నోరు తెరుచుకుని ఉంది. ఒక కాలు కిందికి వేలాడుతోంది. చేతిలో మూటలెత్తే కొక్కెం మాత్రం బిగించి పట్టుకునే ఉన్నాడు.

జయరాజు ఆ ఫోటోను చాలాసేపు చూశాడు. మండీలో సరుకు నచ్చినవాడి ముఖం ఎలా ఉంటుందో ఆయన ముఖం అలా అయింది. "ఇదీ! తాగి పడిపోయిన తండ్రి. ఆ ఇంట్లో ఆకలితో ఏడ్చిన బిడ్డ. ఇక్కడ మొదలుపెడదాం."

"మా నాయిన తాగడయ్యగారూ. తాగేటోడు పలక ఎక్కలేడు" అన్నాడు బాలస్వామి.

లారీకి ఏటవాలుగా వేసిన పలక మీద వీపున మూటతో ఎక్కాలి. అడుగు తడబడితే మూట మీద పడుతుంది. ఒకసారి పడింది కూడా. ఆ రోజునుంచి ఈరన్న నడుము పక్కకు వాలింది, నడక తూగింది. తెలియనివాళ్లు తాగినాడనుకునేవాళ్లు. ఆ మాట ఆయన ఎదురుగానే అనేవాళ్లు. ఈరన్న ఎవరికీ బదులు చెప్పలేదు. ఊగుతూనే వచ్చి హాస్టలు గేటు దగ్గర నిలబడి, కొడుకును చూసి, ఊగుతూనే వెనక్కి పోయేవాడు. ఆయన బాప్తిస్మం తీసుకోలేదు. శ్రావణమాసంలో ఉరుకుంద గుడికి పోయి తన పేరింటి దేవునికి మొక్కుకునేవాడు. కొడుకు చర్చిలో వాక్యం చదివే రోజు మాత్రం స్నానం చేసి వచ్చి వరండాలో చెప్పుల పక్కన కూర్చుని వినేవాడు. ఆయన పోయి ఆరేళ్లయింది.

ఇదంతా చెప్తే జయరాజు చెయ్యి ఊపాడు. "ఆయన లేరు కదా బ్రదర్. ఆయనకేం నష్టం?"

లేనివాడి సరుకుకు ఎవరైనా రేటు కట్టొచ్చు.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి రాశి సగం అయింది. గంగాధరం గల్లా దగ్గరనుంచి పిలిచాడు. "లెయ్యప్పా బాలసామీ, చేతులు కడుక్కో. యాడికో పోవాలంటివే."

బాలస్వామి సబ్బు పెట్టి రుద్దాడు. నిమ్మచెక్క పెట్టి రుద్దాడు. వాసన చూసుకున్నాడు. పోలేదు.

ఓబులమ్మ ఆటోలో వచ్చి గేటు దగ్గర దిగింది. ఉతికిన తెల్లచీర కట్టుకుంది. కళ్లు మాత్రం మండుతున్నాయి. ఇద్దరూ అదే ఆటోలో ఓర్వకల్లుకు బయల్దేరారు. ఊరు దాటి గుట్టలు కనిపించాక ఆమే అంది.

"మామను తాగుబోతంటావా?"

"అనను."

"అనకపోతే ఇంగొకడు పోతాడు."

"తెలుసు."

"మరి?"

బాలస్వామి రోడ్డు వైపు చూశాడు. దోవ పొడుగునా అతను చేసింది ఒకటే లెక్క. కాటా మీద సంచి ఉంది. కొనేవాడు ఇంత తరుగు తియ్యనిదే కొననంటున్నాడు. తరుగు తప్పదు. అయితే ఎవరి సంచిలోంచి?

"నా మీద ఏసుకుంటా" అన్నాడు. "తాగింది నేనని చెప్తా."

ఓబులమ్మ అతని ముఖంలోకి చూసింది. "నువ్వా? కాఫీ రెండు గుక్కలు ఎక్కువైతే నిద్దర పట్టనోడివి!"

"వాళ్లకు ఊబి గావల్ల. యా ఊబైతే ఏమి?"

"తాగినోడు పెండ్లాన్ని కొట్టినాడా అని అడుగుతారు."

"అడుగుతారు."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత అంది. "కొట్టినావనే చెప్పు. నేను తల ఊపుతా. కొట్టింటే ఈపాటికి నీ చెయ్యి ఉండేదా పోయేదా నాకు తెలుసు, నీకూ తెలుసు. ఆ ముసలాయన నా చేతి సంగటి తిని, ఒగనాడూ వంక పెట్టనోడు. ఆయప్పను మాత్రం వాళ్ల నోళ్లల్లో పెట్టొద్దు."

గుట్టల్లో రాళ్లు ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టున్నాయి. జయరాజు చెట్టునీడ లేని చోటు ఏరి పెట్టాడు. పాపపు జీవితం ఎడారిలాగా కనిపించాలట. కెమెరా మనిషి రాళ్ల సందులో ఎవరో తాగి పారేసిన సీసా తెచ్చి బాలస్వామి కాళ్ల దగ్గర పెట్టాడు. సీసా మూతి దగ్గర చీమలున్నాయి.

బాలస్వామి తన బేరం చెప్పాడు. "మా నాయిన మాట ఎత్తను. తాగింది నేనని చెప్తా. మీ పనయితాది. మా నాయినను మాత్రం తాగుబోతని యాడా అనగూడదు. మాటియ్యండయ్యగారూ."

జయరాజు ఒక్క క్షణం ఆలోచించాడు. ముఖం విప్పారింది. "ఇంకా మంచిది బ్రదర్! మారినవాడే స్వయంగా చెప్తే దాని బలం వేరు. మీ నాన్నగారిని తాగుబోతు అని ఎక్కడా అనం. మాట."

మొదటిసారి బాలస్వామి బడిపిల్లవాడు పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు. జయరాజుకు నచ్చలేదు. రెండోసారి గొంతు తగ్గించి చెప్పాడు. "నేను తాగుబోతును. సంపాదనంతా తాగేసేవాణ్ని. నా భార్యను కొట్టేవాణ్ని." మాట బయటికొస్తుంటే నాలుక మీద పుచ్చు ఉల్లి పొర అంటుకున్నట్టయింది.

"చెల్లెమ్మా, మీరు ఏడవాలి" అన్నాడు జయరాజు.

ఓబులమ్మ ఏడ్చింది. ఆ ఏడుపు చూసి కెమెరా మనిషి కూడా కళ్లు తుడుచుకున్నాడు. ఆమె ఎందుకు ఏడ్చిందో ఆ రాళ్లలో తెలిసింది ఒక్క బాలస్వామికే.

"స్తోత్రం! అద్భుతంగా వచ్చింది" అన్నాడు జయరాజు.

బాలస్వామి బండ వెనక్కి పోయి నోరు పుక్కిలించి ఉమ్మాడు. మళ్లీ పుక్కిలించి ఉమ్మాడు. వచ్చేటప్పుడు కాళ్ల దగ్గరి సీసా తీసి, చీమలు దులిపి, ఎవరి కాలికీ గుచ్చుకోని చోట రాళ్ల మధ్య పెట్టాడు.

సాయంత్రం ఎండ వాలాక మండీకి వచ్చాడు. రాశి ఏరడం అయిపోయింది. హంపమ్మ పోయింది. కుళ్లిన గడ్డల తట్టలు మాత్రం వరసగా నిలబడి ఉన్నాయి. లోపలికి పోయి తన సంచిలోంచి వాళ్ల నాయన కొక్కెం తీశాడు. ఆయన పోయాక దానితోనే బాలస్వామి సంచుల కడుపు పొడిచి చూసేవాడు. మూతి దగ్గర మంచి గడ్డలు పేర్చి కడుపులో పుచ్చువి పోసేవాళ్లుంటారు. మూతి చూడగాకు, కడుపు చూడు అనేవాడు ఈరన్న. పొద్దున్నే తలుపు వెనక మేకునుంచి తియ్యడం, సాయంత్రం మేకుకు తగిలించడం. ఇవాళా అంతే తగిలించాడు. అది ఈ మండీది. నల్లబల్ల ముందు దానితో పని లేదు.

గంగాధరానికి సంగతి చెప్పాలనిపించింది. ఎవరి నోటో వినేకంటే తన నోట వినడం మేలు.

"సావుకారు, నా ఈడియో ఒకటి ఫోన్లలో వస్తాది. నేను తాగేటోణ్నని, ఓబులమ్మను కొట్టేటోణ్నని ఉంటాది దాంట్లో. మీరు నమ్మొద్దు."

గంగాధరం కళ్లద్దాలు తీశాడు. "ఎవురు చెప్పినారప్పా అట్ల?"

"నేనే."

శెట్టి కళ్లద్దాలు గల్లా మీద పెట్టాడు. బయటి తట్టల వైపు చూశాడు, బాలస్వామి వైపు చూశాడు. "నేనూ నలభై ఏండ్లుగా యాపారం చేస్తాండా. కుళ్లును కప్పి మంచిదని అమ్మేటోళ్లను శానామందిని చూసినా. మంచిదానికి కుళ్లు పూసి అమ్మేది ఈపొద్దే చూస్తాండా. థూ!" గల్లా పక్కకు నిజంగానే ఉమ్మాడు. "నీ మీద కాదప్పా ఉమ్మింది. పో, మంచిగా పోయిరా. మీ నాయిన ఉండింటే..." అని ఆగిపోయాడు.

"నాయిన పేరు రానీలేదు సావుకారు. అది మాత్రం కాపాడుకున్నా."

బస్టాండులో బెంగుళూరు బస్సు ఇంకా రాలేదు. రెండు పెట్టెలు, ఒక చేతిసంచి. ఓబులమ్మ ఫోను టింగుమంది. చర్చి గ్రూపులో జయరాజు అప్పుడే వీడియో పెట్టాడు. చిన్నదే. పైన సంగీతం. రాళ్లు. బాలస్వామి గొంతు. నేను తాగుబోతును. సంపాదనంతా తాగేసేవాణ్ని.

ఆ మాటల దగ్గర ఫోటో వచ్చింది. సంచుల మీద వెల్లకిలా పడిన మనిషి. తెరుచుకున్న నోరు, వేలాడే కాలు. ఆ ముఖం, ఈ ముఖం ఒకే అచ్చు. చూసేవాళ్లకు తేడా తెలియదు. కింద పెద్ద అక్షరాలు: బ్రదర్ బాలస్వామి, ఒకప్పుడు.

ఓబులమ్మ వీడియోను అక్కడే ఆపింది. "ఇది మామ కదయ్యా."

బాలస్వామి జయరాజుకు ఫోను చేశాడు.

"వందనాలు బ్రదర్! చూశారా? అప్పుడే వందలమంది చూశారు."

"ఆ ఫోటో మా నాయినది."

"అవును. కానీ మీ నాన్నగారని ఎక్కడా అనలేదే? మీదని పెట్టాం. మీ పోలికే కదా. నేనిచ్చిన మాట నిలబెట్టుకున్నాను బ్రదర్."

మాట నిజమే. బేరం మాట ఒక్కటీ తప్పలేదు. బాలస్వామి సంచి మూతి చూసి తూచాడు. కడుపు చూడలేదు. ఇరవై ఏళ్ల కాటాలో చెయ్యని తప్పు ఒక్క బేరంలో చేశాడు.

"అయ్యగారూ" అన్నాడు. "ఆ కొక్కెం పట్టుకున్నోడు తాగినోడు కాదు. మూటలు మోసి నిద్దరపోయినోడు. అది తీసెయ్యండి."

"మీరు ముందు క్షేమంగా చేరండి బ్రదర్. ప్రార్థన చేస్తాం" అని అవతల ఫోను పెట్టేశాడు.

బస్సు వచ్చి ఆగింది. కండక్టరు బెంగుళూరు, బెంగుళూరు అని అరుస్తున్నాడు. ఓబులమ్మ పెట్టె మీద చెయ్యి వేసి నిలబడింది.

"ఎనక్కు పోదామా?"

బాలస్వామి తన ఫోన్లో ఆ బడి ఫోటో తెరిచాడు. మట్టిగోడ, నల్లబల్ల, ఖాళీ జాగా. దాని మీద పడిన వేలి నుంచి ఉల్లి వాసన ముక్కుకు తగిలింది. వెనక్కి పోతే నాయన ఫోటో వెనక్కి రాదు. నల్లబల్లా పోతుంది. రెండూ నష్టమైన చోట తక్కువ నష్టం ఏరుకోవడం తప్ప తన జన్మలో అతను నేర్చింది ఇంకేమీ లేదు. ఇవాళ ఆ విద్య మీదే అతనికి రోత పుట్టింది.

"ఎక్కు" అన్నాడు.

"ఆడ పిల్లోళ్లు నువ్వు తాగేటోడివా సార్ అని అడిగితే?"

"మా నాయిన గురించి చెప్తా. మొదటి పాఠం అదే."

బస్సు కదిలింది. కిటికీ దగ్గర కూర్చున్న బాలస్వామి యార్డు దీపాలు వెనక్కి పోయేదాకా చూసి, తర్వాత కొంగు కప్పుకుని ముడుచుకున్న ఓబులమ్మ తలను తన భుజం మీదికి తీసుకున్నాడు. ఆమె ముక్కు ఎగబీల్చింది.

"ఇంగా వాసన వస్తాండావు" అంది.

యార్డులో గంగాధరం షట్టరు దించేశాడు. లోపల మేకుకు కొక్కెం వేలాడుతోంది. దాని కట్టె పిడి మీద, పట్టి పట్టి అరిగిన చోట, ఈరన్న వేళ్ల గుంటలు అలాగే ఉన్నాయి.